టెన్షన్ పెట్టుకోవద్దన్న సలహా ఎవరికి చెందాలి?

ధారావి పునరభివృద్ధి ప్రాజెక్టు ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,
ముంబయి.
(ప్రతి: బృహన్ముంబయి మహానగరపాలిక కమిషనర్ గారికి)

ఆర్యా,

గర్భిణి అనుభవించే ఒత్తిడి కడుపులోని బిడ్డ జన్యువుల పనితీరు మీద గుర్తులు మిగల్చవచ్చునన్న మాట గత రెండు దశాబ్దాలలో ప్రయోగశాలల గడప దాటి పత్రికల ఆదివారం సంచికలకూ, గర్భిణులకు ఇంటాబయటా అందే హితబోధలకూ చేరింది. అయితే దారిలో దాని సందేహాలు, షరతులు, పరిమితులు అన్నీ రాలిపోయి, చివరికి "టెన్షన్ పెట్టుకోవద్దు" అన్న రెండు ముక్కల సలహాగా మాత్రమే అది మిగిలింది. ధారావిలో తెల్లవారకముందే కొళాయి వరసలో నిలబడే స్త్రీకి, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయమంటారో, చేశాక ఎక్కడికి పొమ్మంటారో తెలియని స్త్రీకి ఆ సలహా ఇవ్వడం సులువే గాని పాటించడం ఆమె చేతిలో లేదు. ఒత్తిడిని పుట్టించే కారణాలలో కొన్నింటి మీదనైనా అధికారం ఉన్నది తమ కార్యాలయానికే కాబట్టి, ఈ శాస్త్రం ఏం చెబుతున్నదో, ఏం చెప్పడం లేదో తమ దృష్టికి తెచ్చి, ఆ సలహాను అసలు చిరునామాకు చేర్చడం ఈ లేఖ ఉద్దేశం.

ముంబయిలో తెలుగువారి ఉనికి పునరభివృద్ధి ప్రణాళికల కంటే చాలా పాతది. పద్దెనిమిదో శతాబ్దం చివరి రోజుల నుంచి నైజాము ప్రాంతాన్ని వదిలి వచ్చి, ఈ ద్వీపాలను కలిపిన కట్టలకూ రోడ్లకూ కోటలకూ రాళ్లు మోసిన కామాటీల పేరు మీదనే కామాటిపుర వెలసింది. తరువాత బట్టల మిల్లుల కాలంలో పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, పరేల్ చాళ్లలో స్థిరపడ్డారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత ఆ బతుకుతెరువు కుప్పకూలినప్పుడు కొందరు భివండీ పవర్‌లూములకు, కొందరు కూలిపనులకు మళ్లారు. పాలమూరు, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన తాపీ, మట్టిపని కుటుంబాల వలస మాత్రం ఏ దశాబ్దంలోనూ పూర్తిగా ఆగలేదు. ధారావి అనగానే తిరునల్వేలి తమిళులూ కుంభార్‌వాడా గుజరాతీ కుమ్మరులూ ముందుగా గుర్తుకు వస్తారు గాని, ఆ సందుల్లో తెలుగు మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. ఈ లేఖ వారి పక్షాన ఆరంభమైనా, ఇందులో అడిగేది తమిళ తల్లికీ బిహారీ తల్లికీ మరాఠీ తల్లికీ సమానంగా వర్తిస్తుంది.

శాస్త్రం విషయానికి వస్తే, మనిషి శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉన్నా కాలేయ కణం కాలేయ కణంగానూ మెదడు కణం మెదడు కణంగానూ నిలవడానికి కారణం, ఆ డీఎన్ఏలో ఏ భాగం ఎప్పుడు ఎంత మేరకు పనిచేయాలో నిర్ణయించే రసాయనిక ఏర్పాటు మరొకటి దాని మీద ఉండడమే. ఆ ఏర్పాటును గురించిన అధ్యయనాన్ని ఎపిజెనెటిక్స్ అంటారు. 1942లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ వాడుకలోకి తెచ్చిన ఈ పేరుకు నేటి రసాయనిక అర్థం తరువాతి తరాల పరిశోధకుల వల్ల వచ్చింది. ఈ గుర్తులలో ఎక్కువగా పరిశోధనకు నోచుకున్నది మిథైలేషన్, అంటే ఒక కార్బను, మూడు హైడ్రోజను పరమాణువులు గల చిన్న గుంపు డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి తగులుకోవడం. జన్యువు మొదలయ్యే చోట ఈ గుంపులు ఎక్కువగా పేరుకుంటే సాధారణంగా ఆ జన్యువు పని మందగిస్తుంది. జకార్డు మగ్గం మీద పడుగు పోగులు అవే అయినా పైన తిరిగే చిల్లుల అట్టలు ఏ పోగును ఎప్పుడు లేపుతాయన్న దాన్ని బట్టి బట్ట మీది బుటా మారిపోతుందని పద్మశాలి ఇళ్లలో వేరే చెప్పనక్కరలేదు; జన్యువులు పడుగైతే ఈ గుర్తులు ఆ అట్టలు. పిండం రూపుదిద్దుకునే తొలి వారాలలో పాత గుర్తులు చాలావరకు చెరిగి కొత్తవి ఏర్పడతాయి గనుక, గర్భంలోని పరిస్థితులు వాటి మీద ప్రభావం చూపగలవన్న ఊహకు ఆధారం ఉంది.

ఒత్తిడి తల్లి నుంచి బిడ్డకు చేరే దారి కూడా కొంతవరకు తెలిసినదే. భయం, ఎడతెగని ఆందోళన, నిద్రలేమి వంటివి ఎదురైనప్పుడు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. గర్భధారణలో ఈ హార్మోను ఎలాగూ పెరుగుతుంది, నెలలు నిండేకొద్దీ బిడ్డ ఊపిరితిత్తులు పక్వానికి రావడానికి అది కొంత అవసరం కూడా. అవసరానికి మించినది బిడ్డను చేరకుండా మావిలోని 11-బీటా-హెచ్ఎస్‌డీ2 అనే ఎంజైము కాపలా కాస్తూ, కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని పనిచేయని కార్టిసోన్‌గా మార్చివేస్తుంది. ఎడతెగని ఒత్తిడిలో ఈ కాపలా సడలవచ్చునని జంతువుల మీద జరిగిన ప్రయోగాలు సూచించాయి. అలా దాటి వచ్చిన కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు పేరు ఎన్ఆర్3సీ1. మెదడులో ఈ గ్రాహకాలు తగినన్ని ఉంటేనే "ఇక చాలు" అన్న సంకేతం అంది ఒత్తిడి స్పందన చల్లారుతుంది. తక్కువైతే చిన్న అలజడికి కూడా శరీరం ఎక్కువసేపు ఉద్రేకంలోనే ఉండిపోతుంది.

ఈ జన్యువు మీద అందరి దృష్టీ పడడానికి మూలం కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ, మోషే షిఫ్ బృందం 2004లో ప్రకటించిన ఎలుకల ప్రయోగం. పిల్లలను బాగా నాకి సాకే తల్లి దగ్గర పెరిగిన ఎలుకపిల్లల మెదడులో ఈ జన్యువు మీది మిథైల్ గుర్తులు తక్కువగానూ, పట్టించుకోని తల్లి దగ్గర పెరిగినవాటిలో ఎక్కువగానూ కనిపించాయి. పుట్టిన వెంటనే పిల్లలను ఒక తల్లి నుంచి మరొక తల్లికి మార్చినప్పుడు గుర్తులు కన్నతల్లిని గాక పెంచిన తల్లిని అనుసరించాయి. దీన్ని చెప్పేటప్పుడు చాలామంది మొదటి సగాన్ని ఎత్తి చూపి రెండో సగాన్ని వదిలేస్తారు గాని, అధికారులకు పనికివచ్చేది రెండో సగమే. మనుషుల విషయంలో, గర్భం చివరి నెలల్లో తల్లికి దిగులు వ్యాధి ఉన్నప్పుడు బిడ్డ బొడ్డుతాడు రక్తంలో ఇదే జన్యువు మీద మిథైలేషన్ పెరిగి ఉండడాన్ని 2008లో వాంకూవర్ పరిశోధకులు చూశారు. గర్భంతో ఉండగా భర్త చేతిలో హింసకు గురైన తల్లుల పిల్లల్లో, వారు పది నుంచి పందొమ్మిదేళ్ల వయసుకు వచ్చాక కూడా, ఇటువంటి గుర్తును 2011లో ఒక జర్మన్ బృందం చూసింది. 2012లో కాంగో యుద్ధప్రాంతంలో పాతిక తల్లీబిడ్డల జతలను పరిశీలించినవారికి, తల్లి ఎదుర్కొన్న తీవ్రమైన యాతనకూ, ఈ జన్యువు మీది గుర్తులకూ, బిడ్డ బరువు తగ్గడానికీ సంబంధం కనిపించింది.

వీటికి ముందే ప్రసిద్ధమైన ఉదాహరణ 1944–45 చలికాలంలో జర్మన్ ఆక్రమణ కింద నెదర్లాండ్స్ అనుభవించిన కరువు. ఆ కరువు రోజుల్లో కడుపున పడినవారిని, అదే తల్లిదండ్రులకు కరువు లేని కాలంలో పుట్టిన అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో ఆరు దశాబ్దాల తరువాత పోల్చినప్పుడు, ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైలేషన్ కొద్దిగా తక్కువగా ఉన్నట్టు 2008లో తేలింది. నెలలు నిండే దశలో మాత్రమే కరువును చూసినవారిలో ఆ తేడా కనబడలేదు. అంటే కష్టం ఎంతటిదన్నదే కాక, ఏ నెలలో వచ్చిందన్నది కూడా ముఖ్యమన్నమాట.

తమ కార్యాలయం ప్రత్యేకంగా గమనించదగినది మాత్రం కెనడాలోని క్యూబెక్ అధ్యయనం. 1998 జనవరిలో మంచువాన కురిసి కరెంటు స్తంభాలు కూలిపోగా లక్షల ఇళ్లు గడ్డకట్టే చలిలో రోజుల తరబడి, కొన్ని ఇళ్లు వారాల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. అప్పుడు గర్భిణులుగా ఉన్న స్త్రీలను సుజాన్ కింగ్ బృందం గుర్తించి, వారు ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉన్నారు, ఇల్లు వదిలి వెళ్లవలసి వచ్చిందా, ఎంత నష్టపోయారు అన్న లెక్కను ఒక పక్క, వారు మనసులో ఎంత కలత చెందారన్న లెక్కను మరొక పక్క విడివిడిగా నమోదు చేసింది. పిల్లలు పదమూడేళ్ల వయసుకు వచ్చినప్పుడు ముప్ఫై ఆరుగురి రక్తకణాలను పరీక్షించగా, డీఎన్ఏ గుర్తులు తల్లి చెప్పిన కలతతో గాక, జరిగిన కష్టం పరిమాణంతో సరిపోలాయి. ముప్ఫై ఆరుగురు చాలా చిన్న సంఖ్య, తల్లి దిగులుకే సంబంధం కనిపించిన అధ్యయనాలు పైనే చెప్పినట్టు వేరే ఉన్నాయి, కాబట్టి దీన్ని తుదితీర్పుగా తీసుకోకూడదు. అయినా, మనసు గట్టి చేసుకుంటే చాలునన్న సలహా మీద ఇది వేసిన ప్రశ్నను పక్కకు నెట్టడమూ కుదరదు; కరెంటు ఎన్ని రోజులు పోయిందన్నది తల్లి మనోబలంతో మారే విషయం కాదు.

ఈ శాస్త్రానికి ముంబయి దూరంగా ఏమీ లేదు. నగరంలోని బస్తీలలో 2006 నుంచి 2012 వరకు జరిగిన సరస్ ప్రాజెక్టులో ఆరున్నర వేల మందికి పైగా స్త్రీలు చేరారు. ఆకుకూరలు, పండ్లు, పాలు కలిపి, వీధి బండి మీద దొరికే సమోసాల వంటి రూపంలో చేసిన చిరుతిండిని వారిలో సగం మందికి గర్భం రాకముందు నుంచీ రోజూ పెట్టి, మిగిలిన సగానికి అంత పోషకాలు లేని తిండి పెట్టి, ఫలితాలను పోల్చారు. మొత్తం మీద పుట్టిన బిడ్డల సగటు బరువులో చెప్పుకోదగిన తేడా రాలేదు గాని, గర్భానికి కనీసం మూడు నెలల ముందు నుంచి తిన్నవారి బిడ్డలు కొద్దిగా బరువెక్కారు. గర్భిణులలో వచ్చే మధుమేహం మాత్రం 12.4 శాతం నుంచి 7.3 శాతానికి తగ్గింది. ఆ పిల్లలు ఐదారేళ్ల వారయ్యాక వారి డీఎన్ఏ గుర్తులను పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా పిల్లలతో పాటు పరిశీలించిన ఎంఫసిస్ అధ్యయనంలో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ముఖ్య భాగస్వాములు. గాంబియా పిల్లల్లో కొన్ని చోట్ల తేడాలు బయటపడ్డాయి, ముంబయి పిల్లల్లో అంత స్పష్టంగా ఏదీ తేలలేదు. అది ఒత్తిడి మీద గాక పోషణ మీద జరిగిన అధ్యయనమే అయినా, ఈ నగరపు బస్తీ పిల్లల మీద శాస్త్రం ఇచ్చిన సమాధానం ఇంత జాగ్రత్తగా, ఇంత మితంగా ఉందని గుర్తుంచుకోవడం అవసరం.

మితంగా ఉండడానికి కారణాలున్నాయి. పరీక్షకు దొరికేది రక్తమో ఉమ్మో గాని మెదడు కాదు. కనబడే తేడాలు తరచు కొద్ది శాతానికి మించవు. తల్లికీ బిడ్డకూ జన్యువులు ఉమ్మడివి గనుక ఏది ఒత్తిడి వల్ల వచ్చిందో, ఏది వంశం వల్ల వచ్చిందో విడదీయడం కష్టం. పైగా ఒత్తిడితో పాటే తిండి లోపం, పొగ, వేడి, జబ్బులు కూడా వస్తాయి. అనేక దేశాల నుంచి వేల తల్లీబిడ్డల సమాచారాన్ని ఒకచోట చేర్చి విశ్లేషించినప్పుడు, చిన్న అధ్యయనాలలో ప్రస్ఫుటంగా కనిపించిన సంబంధాలు చాలావరకు బలహీనపడ్డాయి. తాతమ్మల కష్టం మునిమనుమల డీఎన్ఏలో రాసి ఉంటుందన్న మాట మనుషుల విషయంలో ఇంకా రుజువు కాలేదు. సభల్లో చప్పట్లు కొట్టించడానికి పనికివచ్చినంతగా అది ప్రణాళికలు వేయడానికి పనికిరాదు. మరొక ప్రమాదాన్ని 2014లో సారా రిచర్డ్‌సన్, ఆమె సహచరులు నేచర్ పత్రికలో హెచ్చరించారు: ఈ పరిశోధనలు బయటి ప్రపంచానికి చేరేసరికి తండ్రి, యజమాని, ప్రభుత్వం, సమాజం అందరూ తప్పుకొని నేరమంతా తల్లి మీద పడుతున్నదని. ధారావి బిడ్డలు కడుపులోనే చెడిపోయిన గుర్తులతో పుడతారన్న ప్రచారానికి ఈ శాస్త్రాన్ని వాడుకుంటే, బస్తీవారి మీద ఇప్పటికే ఉన్న చులకన మాటలకు ఒక కొత్త ఇంగ్లీషు పేరు చేరినట్టవుతుంది, అంతే.

అందుచేత ఎపిజెనెటిక్స్ పూర్తిగా తేలేవరకు ఆగాలని గాని, తేలిపోయిందని నమ్మి హడావుడి పడాలని గాని ఈ లేఖ కోరడం లేదు. గుర్తులు ఉన్నా లేకున్నా, గర్భిణి మీద పడే దీర్ఘకాలిక ఒత్తిడికీ నెలలు నిండని కాన్పులకూ, తక్కువ బరువు బిడ్డలకూ, ప్రసవం తరువాతి దిగులు వ్యాధికీ సంబంధం ఉందన్నది చాలా దేశాలలో పదేపదే కనిపించిన విషయం. విధానం మార్చడానికి ఆ మేరకు చాలు.

ధారావిలో ఆ ఒత్తిడి ఏ రూపంలో ఉంటుందో దగ్గరగా చూడాలంటే పోట్‌మాలా అని పిలిచే పైగదిని చూడాలి. కింద ఇంటి యజమానో, చిన్న కార్ఖానానో ఉంటే, పైన రేకుల కప్పు కింద పది అడుగుల గదిలో అద్దెకున్న జంట ఉంటుంది. సందులోంచి ఆ గదికి దారి గోడకు దాదాపు నిటారుగా బిగించిన ఇనుప నిచ్చెన. చేతికి పట్టు కోసం పై నుంచి ఒక తాడు వేలాడుతుంది. నీళ్లు వచ్చే కాసేపట్లో హండా నింపుకొని, ఒక చేత్తో తాడు పట్టుకొని, రెండో చేత్తో హండాను నడుముకు ఆనించుకొని ఎక్కవలసిన ఆ నిచ్చెనను ఎనిమిదో నెలలోనూ ఎక్కవలసిందే. మరుగుదొడ్డి సందు చివర ఉంటుంది, రాత్రి దిగడానికి జంకి సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానుకునే గర్భిణికి మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. దానికి నెలలు నిండని కాన్పుతో ఉన్న సంబంధం వైద్యపుస్తకాలలో ఎప్పుడో చేరిన విషయం. ఏప్రిల్, మే నెలల్లో ఆ రేకుల కింది వేడి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఈ కష్టం పైన పునరభివృద్ధి తెచ్చిన అనిశ్చితి వచ్చి పడింది. 2000 జనవరి 1కి ముందు నుంచి కింది అంతస్తులో ఉన్నట్టు రుజువు చేసుకున్నవారికి ధారావిలోనే 350 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా వస్తుంది. ఆ తరువాత వచ్చినవారికీ, పైఅంతస్తుల్లో ఉన్నవారికీ ధారావి బయట, డబ్బు కట్టో అద్దె పద్ధతిలోనో ఇల్లు ఇస్తామన్నారు. అందుకు ములుంద్, కాంజూర్‌మార్గ్, భాండుప్ ఉప్పుమళ్ల భూముల పేర్లు, దేవనార్ చెత్త మైదానం పేరు వినబడుతున్నాయి. ఈ నిబంధనను గర్భిణి వైపు నుంచి ఒకసారి చదవవలసి ఉంది. బిడ్డలను కనే వయసులో ఉన్నవారు సాధారణంగా కొత్తగా కాపురం పెట్టినవారు. కొత్తగా కాపురం పెట్టినవారు కింది అంతస్తుకు గాక పైగదికే అద్దె కట్టగలరు. పైగదిలో ఉన్నవారి హక్కే అన్నిటికంటే బలహీనమైనది. అంటే, ఈ నగరంలో గర్భధారణ వయసూ అనిశ్చితమైన నివాసమూ ఒకే నిచ్చెన పైమెట్టు మీద కలుసుకునేలా నిబంధనే ఏర్పాటు చేసింది. ఎవరూ కావాలని ఇలా రాయలేదనడంలో సందేహం లేదు, కాని రాసినప్పుడు గర్భిణి ఎవరి మనసులోనూ లేదన్నది కూడా స్పష్టమే.

2024 మార్చిలో సర్వే మొదలైన తరువాత ధారావి ఇళ్లలో సర్వే వారు తలుపు మీద వేసిన నంబరు ఎంత ముఖ్యమో, ప్లాస్టిక్ సంచిలో దాచిన కాగితాల కట్ట అంత ముఖ్యమైంది. ఆధార్, రేషన్ కార్డు, లైటు బిల్లు, పాత ఓటర్ల జాబితా జిరాక్సు, అద్దె ఒప్పందం, వాటితో పాటు అదే సంచిలో తల్లీబిడ్డల రక్షణ కార్డు. తెలుగు కుటుంబాలలో మరొక చిక్కు కూడా ఉంది. తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్లడం ఆచారం. పాలమూరు బస్సెక్కి వెళ్లిన కోడలు బిడ్డకు మూడో నెల వచ్చేదాకా తిరిగి రాదు. సర్వే మనుషులు వచ్చే రోజుకు ఇంట్లో లేనివారి పేరు ఏమవుతుందన్న భయంతో ఆ ప్రయాణం మానుకొనే పరిస్థితి రాకూడదు. పుట్టింటికి పంపడం కేవలం వేడుక కాదు. మోత, నిచ్చెన, నిద్రలేమి నుంచి కొన్ని నెలలు విడుదల దొరకడానికి మన ఇళ్లలో పాతకాలం నుంచి ఉన్న ఏర్పాటు అది.

ఈ పరిస్థితిలో తమ కార్యాలయం చేయగలిగినవి ఖజానాకు పెద్ద భారం కానివే. గర్భిణి ఉన్న ఇంటికి, బిడ్డకు ఏడాది నిండేవరకు, ఖాళీ చేయవలసిన తేదీని ఆ కుటుంబం కోరితే వాయిదా వేయాలన్న నిబంధన ఒకటి రావాలి. ముందుగానే మారిపోవాలనుకునేవారికి ఆ స్వేచ్ఛ ఉండాలి, ఎందుకంటే కొందరికి రేకుల గది వదలడమే ఉపశమనం. అర్హత మీద నిర్ణయాన్ని అటువంటి ఇళ్లకు ముందుగా, రాతపూర్వకంగా, గడువు తేదీతో, మరాఠీతో పాటు వారికి చదవవచ్చిన భాషలో ఇవ్వాలి. మహానగరపాలిక ఎప్పటి నుంచో తెలుగు మాధ్యమంలో బడులు నడిపిన నగరంలో నోటీసును తెలుగులో అచ్చు వేయడం అసాధ్యమైన పనేమీ కాదు. అర్హత లేదని తేలినవారికి సైతం ఆ మాట కాన్పుకు వారం ముందు గాక, ఏర్పాట్లు చేసుకునే వ్యవధి ఉండగా తెలియాలి. చెడ్డ వార్త ముందే తెలిస్తే కలిగే బాధ కంటే, ఏ వార్తా లేని కాలం సాగడం వల్ల కలిగే బాధ తీవ్రం కావచ్చు.

మారవలసి వచ్చిన గర్భిణి విషయంలో ఆసుపత్రి సంగతిని ఇంటి సంగతితో పాటే తేల్చాలి. ధారావి గర్భిణులకు ఇన్నాళ్లూ అండగా నిలిచినవి లోపల ఉన్న ఛోటా సయన్ ఆసుపత్రి, సరిహద్దులో ఉన్న లోకమాన్య తిలక్ ఆసుపత్రి. ఆసియాలోనే మొదటిదైన తల్లిపాల నిధిని డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ 1989లో నెలకొల్పింది ఆ తిలక్ ఆసుపత్రిలోనే. ఆమే 1999లో ప్రారంభించిన స్నేహ సంస్థ ధారావిలో తల్లీబిడ్డల ఆరోగ్యంతో పాటు ఇంటి హింస బాధితుల కోసం కూడా పనిచేస్తున్నది. ములుంద్ ఉప్పుమళ్లకో మరొక చోటికో పంపిన రోజున ఈ అండ అంతా వెనకనే ఉండిపోతుంది. కొత్త చోట ఆరోగ్య కేంద్రం కట్టి, మందులు పెట్టి, నర్సును నియమించిన తరువాతే మొదటి గర్భిణిని అక్కడికి పంపాలి గాని, కట్టబోతున్నామన్న మాట మీద పంపకూడదు. తాత్కాలికంగా ఉంచే ట్రాన్సిట్ భవనంలో లిఫ్టు పనిచేస్తున్నదా, నీళ్లు పై అంతస్తుకు ఎక్కుతున్నాయా అన్నవి ఇంజనీరింగు వివరాలుగా కనబడవచ్చు. నిచ్చెన బాధ పోవాలని పంపి పన్నెండో అంతస్తుకు మెట్లు ఎక్కిస్తే ఫలితం తెలిసినదే.

పుట్టిన తరువాతి ఏడాదిని కూడా ఇందులో చేర్చమనడానికి మెక్‌గిల్ ఎలుకల ప్రయోగంలోని రెండో సగమే ఒక కారణం. తొలి రోజుల సాకడం గుర్తులను మార్చగలదన్న ఆ ఫలితం మనుషులకు ఎంతవరకు వర్తిస్తుందో ఇంకా తేలవలసి ఉన్నా, తల్లి ఒంటికి బిడ్డను ఆనించి పెట్టుకోవడం, చనుపాలు నెలలు నిండని బిడ్డలను బతికిస్తాయన్న దానికీ, తల్లికి నిద్ర కావాలన్న దానికీ ఏ ఎపిజెనెటిక్స్ సాక్ష్యమూ అక్కరలేదు. బాలింతను సామాను మూటలతో టెంపో ఎక్కించే రోజు అవి మూడూ తప్పిపోతాయి.

కామాటిపురలోనూ నూరేళ్లు దాటిన చాళ్లను కూల్చి కట్టే ప్రయత్నం ముందుకు సాగుతున్నందున, అక్కడి గర్భిణుల సంగతి వేరుగా చెప్పాలి. ఆ గల్లీలలో కుటుంబాలతో పాటు, జోగినీ ఆచారం నుంచీ దళారుల చేతుల నుంచీ వచ్చి చేరిన స్త్రీలూ ఉన్నారు, వారిలో తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. సెక్స్ వర్కర్లను గౌరవంగా చూడాలని, నివాస రుజువు లేదన్న కారణంతో ఆధార్ నిరాకరించరాదని 2022 మే 19న సుప్రీంకోర్టు ఆదేశించింది. వారి గర్భం నమోదు దగ్గర భర్త పేరు గడి ఖాళీగా ఉందని కలం ఆగిపోకూడదు, ఇంటి అద్దె రసీదు లేదని కాన్పు కార్డు ఆగకూడదు. గర్భకాలపు ఒత్తిడి గురించి ఎక్కడైనా పరిశోధన జరగవలసి ఉంటే అక్కడే జరగాలనేవారు ఉండవచ్చు. కాని ముందు సేవ అంది, తరువాత, వారి సమ్మతితో, ప్రశ్నలు రావడం సరైన వరస.

ఆరోగ్య సేవికలు, ఆశ కార్యకర్తలు ఇంటికి వచ్చినప్పుడు రక్తపోటు, హిమోగ్లోబిన్ అడిగినట్టే నిద్ర పడుతున్నదా, ఇంట్లో కొడుతున్నారా, ఇల్లు ఖాళీ చేయమన్నారా అని కూడా ఏకాంతంలో అడగాలి. సమాధానం అవునంటే ఎక్కడికి పంపాలో వారి చేతిలో రాసి ఉండాలి, లేకపోతే అడగకపోవడమే నయం. బిడ్డల రక్తం తీసి మిథైలేషన్ పరీక్షలు చేయించి, వాటిని బట్టి ప్రమాద స్థాయి తేల్చుతామనే ప్రతిపాదనలు ఎవరైనా తెస్తే తిరస్కరించవలసిందిగా కోరడమైనది. గర్భకాలపు ఒత్తిడి గుర్తులను బట్టి ఒక్కొక్క బిడ్డ భవిష్యత్తును చెప్పగల ఎపిజెనెటిక్ పరీక్ష నేడు ప్రపంచంలో ఎక్కడా లేదు.

సర్వే పత్రంలో ఒక గడి చేరితే ఇందులో సగం పని మొదలవుతుంది: ఇంట్లో గర్భిణి గాని, ఏడాది లోపు బిడ్డ గాని ఉన్నారా, పుట్టింటికి వెళ్లి ఉంటే తిరిగి వచ్చే నెల ఏది అన్నవి. పుట్టింట్లో ఉన్నందుకు పేరు కొట్టివేయబోమని ఆ గడి కిందనే అచ్చు వేయాలి. ఆ సమాచారం నిర్మాణ సంస్థ కంప్యూటరులోకి గాక మహానగరపాలిక ఆరోగ్య శాఖ దగ్గరకు మాత్రమే చేరాలి. ఇల్లు ఖాళీ చేయించే విభాగానికి అక్కడి నుంచి వెళ్లవలసింది పేరు, నెలలు, వైద్య వివరాలు ఏవీ కాకుండా, ఫలానా నంబరు తలుపుకు ఫలానా తేదీ వరకు వాయిదా అన్న ఒక్క వాక్యమే.

ఇట్లు,
ముంబయి తెలుగు పాఠకుల పక్షాన